సూర్యుడు నిలిచిన దినము



ప్రతి గృహమునను రెండు విధములైన పుస్తకములుండును. సాయంకాలము దీపము పెట్టిన పిదప భక్తితో దెఱచునది యొకటి. ఉదయమున బిడ్డ సంచిలో నిడుకొని పాఠశాలకు గొనిపోవునది మఱియొకటి. ఈ రెండును నొకే గూటిలో నెన్నియో యేండ్లు కలహము లేక యుండును. కాని యొకానొక దినమున బిడ్డ రెంటిని దెఱచి, "ఇందులో నున్నది అందులో నున్నదానికి విరుద్ధముగ నున్నదే, ఏది నిజము?" అని యడుగును. ఆ ప్రశ్న పండితసభకు బోదు, విద్యాపీఠమునకు బోదు. వంటయింటిలో బియ్యమేరుచున్న తల్లియొద్దకు వచ్చును. కావున శాస్త్రమునకును విశ్వాసమునకును గల సంబంధమును విచారించుట పురుషుల పనియని మనము తప్పించుకొనుటకు వీలులేదు.

మా పొరుగున నొక క్రైస్తవ కుటుంబము గలదు. ఆ యింటి యిల్లాలు వైద్యశాలలో నర్సు. భర్త పరస్థలమున నుద్యోగియగుటచే నింటి భారమంతయు నామెయే వహించుచున్నది. ఆమె కూతురు మావారు పనిచేయు పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. చుఱుకైన పిల్ల. ఒక ఆదివారమున చర్చిలో బాలలకు యెహోషువ గ్రంథములోని పదియవ అధ్యాయము చెప్పిరట. అమోరీయుల రాజులైదుగురు గిబియోను పట్టణమును ముట్టడించిరి. యెహోషువ గిల్గాలునుండి రాత్రియంతయు నడచివచ్చి వారిమీద బడెను. పగలు చాలదని యెంచి, సూర్యుని గిబియోనుమీదను, చంద్రుని అయ్యాలోను లోయలోను నిలువుమని పలికెను. పగ తీఱువఱకు సూర్యుడస్తమింపక నిలిచెను. ఇది కథ.

ఆ పిల్ల భూగోళశాస్త్రమును జదివినది. భూమి తన యిరుసుపై దిరుగుటచే పగలును రాత్రియు గలుగుచున్నవనియు, మన తెలుగునాట నేలయు, నేలపై నున్న మనమును గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగముతో దిరుగుచున్నామనియు నెఱుగును. "తిరుగునది భూమియైనచో యెహోషువ సూర్యునేల నిలువుమనెనమ్మా? అంత వేగముతో బోవు భూమి తటాలున నాగినచో గిబియోనులో మనుష్యులేమైపోవుదురు?" అని తల్లినడిగెను.

తల్లికి సమాధానము తోచలేదు. అంతలో నామె చేతిఫోనునకు బంధువులొకరు పంపిన సందేశము వచ్చెను. అమెరికాలోని అంతరిక్ష శాస్త్రజ్ఞులు కంప్యూటరుతో గ్రహముల గతులను వెనుకకు లెక్కించి చూడగా కాలములో నొక దినము తక్కువయయ్యెననియు, కారణము దోచక వారు కలతపడుచుండగా నొకడు బైబిలు దెఱచి యెహోషువ కథను జూపెననియు, తప్పిపోయిన దినము దానితో సరిపోయెననియు నందులో నుండెను. ఆ తల్లి పరమానందముతో దానిని కూతునకు జూపెను. కూతురును నానందముతో దానిని తరగతిలో జదివి వినిపించెను. తోటి విద్యార్థినియొకతె యది కల్పితమని యాధారములతో జూపగా తరగతియంతయు నవ్వినది.

ఆ రాత్రి ప్రార్థనకు బిలిచినపుడు ఆ పిల్ల కూర్చుండలేదు. "అమ్మా, ఈ వార్త నిజమో కాదో తెలిసికొనకయే నిజమని నాకు జెప్పితివి. మఱి గ్రంథములోని మాటను మాత్రము తెలిసికొనియే చెప్పుచున్నావా?" అనెనట. మఱునాడు తల్లి మాయింటికి వచ్చి, "వదినగారూ, నా బిడ్డకు దేవునిమీద నమ్మకము పోయినదో, నామీద బోయినదో నాకు దెలియకున్నది" అని కన్నీరు పెట్టుకొనెను.

మేము ఆ మతమునకు జెందినవారము కాము. తండ్రిగారి యొద్ద భారతభాగవతములను, కొన్ని కావ్యములను, కొంత అలంకారశాస్త్రమును జదివికొన్న వారము. బడికి బోలేదు. ఐనను బిడ్డ తనను నమ్మకున్నదను తల్లి దుఃఖమునకు మతభేదము లేదు. అందుచే మావారి పుస్తకములను, వారు తెచ్చియిచ్చిన వానిని జదివి, యీ విషయమును శ్రద్ధతో విచారించితిమి.

మొదట ఆ సందేశమును గూర్చి. ఈ కథ కంప్యూటరుకంటె ముసలిది. 1890లో టాటన్ అను అమెరికా దేశస్థుడు యెహోషువ నాటి దినమును లెక్కలతో గనుగొంటినని యొక పుస్తకమును బ్రకటించెను. 1936లో రిమ్మర్ అను మఱియొకడు తన పుస్తకమున దానినే తిరిగి చెప్పెను. 1960ల తుదిలో దానికి కంప్యూటరును, అంతరిక్ష శాస్త్రజ్ఞులును జేరిరి. దానికి దమయొద్ద ఆధారమేదియు లేదని నాసా సంస్థయే తెలిపినది. ఆ సంస్థ తెలుపకున్నను మనము కొంచెమాలోచించిన దెలియును. ఇంటిలోని గడియారము రాత్రి యొక గంటసేపు ఆగి మరల నడచినదనుకొందము. ఆ గడియారమును మాత్రమే చూచి యది యాగినదని చెప్పగలమా? వేఱొక గడియారముతో బోల్చినగాని తెలియదు. యెహోషువకు బూర్వము ఫలానా దినమున సూర్యుడు ఫలానా చోటనుండెనని ఎవరైన వ్రాసి యుంచియుండవలెను. అప్పుడుగదా నేటి లెక్కతో బోల్చి లోపమును గనుగొనుట! అట్టి వ్రాత లేదు. నేటి గతులను వెనుకకు లెక్కించిన కంప్యూటరునకు లెక్కయే దొరకును గాని, లెక్కలో లేని దినము దొరకదు.

ఇక ప్రశ్నను గూర్చి. ఈ ప్రశ్న నాలుగు వందల యేండ్లకు బూర్వము ఇటలీ దేశములో నొక స్త్రీ యడిగినదే యని తెలిసినప్పుడు మాకు మిక్కిలి సంతోషమయ్యెను. 1613 డిసెంబరులో పీసా నగరమున టస్కనీ ప్రభువులైన మెడిచి వంశీయుల విందు జరిగెను. ఆ విందులో బెనెడెట్టో కాస్టెల్లియను సన్న్యాసి యుండెను. అతడు అచటి విద్యాపీఠమున గణితాచార్యుడు, గలిలియోకు శిష్యుడు. ప్రభువు తల్లియగు క్రిస్టీనా రాణి యా మాటలన్నియు వినెను. విందు ముగిసి కాస్టెల్లి వెలుపలికి బోగానే యామె యతనిని వెనుకకు బిలిపించి, భూమి తిరుగుచున్నదనుట పరిశుద్ధగ్రంథమునకు విరుద్ధము గాదా యని వాదమునకు దిగెను. ఆమె తీసికొన్న ప్రధానమైన యాధారము ఈ యెహోషువ కథయే.

క్రిస్టీనా మూర్ఖురాలని తలంపరాదు. ఆమె వినెను, అడిగెను, ఉత్తరమును గోరెను. ఆమె ప్రశ్న గలిలియోను గదలించినది. ఆ నెలలోనే యతడు కాస్టెల్లికి దీర్ఘమైన లేఖ వ్రాసి, 1615లో దానిని విస్తరించి రాణి పేరనే వ్రాసెను. ఆ లేఖ 1636లో స్ట్రాస్‌బర్గు నగరమున నచ్చయ్యెను. శాస్త్రమునకును గ్రంథమునకును గల సంబంధమును గూర్చి యూరపులో వెలసిన వ్రాతలలో మిక్కిలి ప్రసిద్ధమైన యొకటి యిట్లు స్త్రీ ప్రశ్నకు సమాధానముగ బుట్టినది.

గలిలియో గ్రంథము నబద్ధమనలేదు. ప్రకృతియు గ్రంథమును నొకే దేవునివలన గలిగినవి కావున నవి యొండొంటితో విరోధింపజాలవనియు, విరోధము కనబడినచో మనము గ్రంథమునకు జెప్పిన యర్థము సరియైనదో కాదో చూచుకొనవలెననియు నతని వాదము. గ్రంథము సామాన్యజనుల కన్నులకు దోచునట్లు మాటలాడునని యతడు చెప్పెను. నేటికిని మనము "ప్రొద్దు పొడిచినది, ప్రొద్దు గ్రుంకినది" యనుచున్నాము. పంచాంగమున సూర్యోదయకాలము వ్రాయుచున్నారు. భూమి తిరుగుటను బోధించు మావారును "ఎండ వాకిటిలోనికి వచ్చినది" అనియే చెప్పుదురు. ఇందులో నబద్ధమెవరును జెప్పుట లేదు.

అతడు చెప్పిన మఱియొక యుక్తి మాకు మిక్కిలి నచ్చినది. ఆనాటి పండితులు నమ్మిన టోలెమీ సిద్ధాంతము ప్రకారము, ప్రతిదినము ఆకాశమును ద్రిప్పునది బయటనున్న మహాగోళము. సూర్యుని సొంత గతి పడమటినుండి తూర్పునకు నేడాదికొక చుట్టు. సూర్యుని యా సొంత గతిని మాత్రము నిలిపినచో పగలు పెరుగుటకు మాఱుగ గొంచెము తగ్గును. కాబట్టి యక్షరార్థమునే గ్రహింపవలెనని వాదించువారు సయితము, తమ సిద్ధాంతముతో సరిపెట్టుటకు "సూర్యుడు నిలిచె" ననుదానికి "ఆకాశమంతయు నిలిచె" నని యర్థము చెప్పుకొనుచుండిరి. తాము చేయుచున్న పనినే యితరుడు చేసినచో దోషమనుచుండిరి.

ఇది చదువుచుండగా చిన్ననాడు తండ్రిగారు చెప్పిన పాఠమొకటి మాకు జ్ఞప్తికి వచ్చెను. అలంకారశాస్త్రమున లక్షణ యను వృత్తికి బెద్దలిచ్చు నుదాహరణము, గంగలో గొల్లపల్లె యున్నదనుట. ప్రవాహముమీద పల్లె నిలువదు. ముఖ్యార్థమునకు బాధ కలిగినది. కావున గంగాతీరమున నున్నదని యర్థము చెప్పుకొందుము. ఆ పల్లె చల్లదనమును, పవిత్రతయు దోపించుటకు వక్త యట్లనెను. ముఖ్యార్థమునకు బాధ కలిగినగాని లక్షణను గ్రహింపరాదని నియమము గలదు. మన కిష్టము లేని ప్రతి మాటను లక్షణయని త్రోసివేయుట కవికి ద్రోహము చేయుట.

అయితే ప్రవాహముమీద పల్లె నిలువదని చెప్పినదెవరు? వ్యాకరణము చెప్పలేదు, నిఘంటువు చెప్పలేదు. గంగను జూచినవాడు చెప్పెను. ఎంతటి పండితుడైనను నదిని జూడనిచో, ఆ వాక్యములో బాధ యున్నదని యెఱుగజాలడు. శాస్త్రము నదిని జూచివచ్చినవాని వంటిది. అతడు వచ్చి, "అయ్యా, అచట నీరు లోతు, ఇల్లు నిలువదు" అని చెప్పినప్పుడు రెండు తప్పులు చేయవచ్చును. పల్లె నీటిమీదనే యున్నదని పట్టుబట్టి, చూచివచ్చినవానిని దండించుట యొకటి. పల్లెయే లేదు, చెప్పినవాడు బొంకెనని నవ్వుట రెండవది. పల్లె తీరమున నుండనే యున్నది.

ఐదవ శతాబ్దమునాటి అగస్టీన్ అను క్రైస్తవాచార్యుడు సయితము ఈ సంగతి నెఱిగినవాడే. ఆకాశమును, నక్షత్రములను గూర్చి యన్యమతస్థులు ప్రత్యక్షముగ నెఱిగిన విషయములందు క్రైస్తవుడు గ్రంథము పేరుచెప్పి తెలియని మాటలాడినచో, వారు నవ్వి, మోక్షవిషయమున గ్రంథము చెప్పుదానిని గూడ నమ్మకపోవుదురని యతడు హెచ్చరించెను. ఆ బాలిక తరగతిలో జరిగినది సరిగా నిదియే గదా!

గలిలియో వైపుననే న్యాయమంతయు నుండెనని చెప్పుటయు సత్యము కాదు. చర్చి పెద్దలలో నొకడైన బెల్లార్మిన్ కార్డినలు 1615 ఏప్రిలులో నొక లేఖ వ్రాసెను. భూమి తిరుగుచున్నదని నిజముగ ఋజువైనచో, గ్రంథవాక్యములకు జాగ్రత్తతో నర్థము చెప్పవలసియుండుననియు, ఋజువైనదాని నబద్ధమనుటకంటె వాక్యము మనకర్థము కాలేదనుట మేలనియు, కాని యట్టి ఋజువును దానింకను జూడలేదనియు నందు వ్రాసెను. ఇందులో న్యాయము లేకపోలేదు. ఆనాటికి గలిలియో చేతిలో బూర్తియైన ఋజువు లేదు. సముద్రపు ఆటుపోటులు భూమి గతివలన గలుగుచున్నవని యతడు నమ్మిన యుక్తి తప్పు. నదిని జూచివచ్చినవాడును లోతు చెప్పుటలో బొరబడవచ్చును. నక్షత్రకాంతిలోని యొక చలనమును బట్టి బ్రాడ్లీ 1728లోను, దూరపు నక్షత్రమొకటి భూమి గతిననుసరించి కదలినట్లు కనబడుటను గొలిచి బెస్సెల్ 1838లోను, పారిస్ నగరమున పొడుగైన లోలకమును వ్రేలాడగట్టి ఫూకో 1851లోను ఋజువులు చూపిరి. సత్యము నిదానముగ వచ్చినది.

తప్పెచట జరిగెననగా, ఋజువు వచ్చువఱకు వేచియుండుటకు మాఱుగ, అధికారముతో నోరు మూయించుటలో జరిగెను. 1616లో కోపర్నికస్ గ్రంథమును దిద్దువఱకు నిలిపివేసిరి. గలిలియోను హెచ్చరించిరి. 1632లో నతడు మఱియొక గ్రంథము ప్రకటింపగా, 1633 జూన్ 22వ తేదీన రోములో సుమారు డెబ్బది యేండ్ల వృద్ధుని మోకరిల్లజేసి, భూమి తిరుగుచున్నదను మతమును విడుచుచున్నానని పలికించిరి. జీవితాంతము గృహనిర్బంధమున నుంచిరి. 1835 నాటి నిషిద్ధగ్రంథముల పట్టికలో నతని పుస్తకము లేదు. 1992లో పోపు రెండవ జాన్ పాల్ ఆనాటి వేదాంతులు పొరబడిరని బహిరంగముగ నంగీకరించెను. భూమి యింతకాలము నెవరి యనుమతిని గోరక తిరుగుచునే యున్నది. నష్టమైనది భూమికి గాదు, చర్చి మాటకు గల గౌరవమునకు.

ఈ చరిత్రలో మా మనస్సును మిక్కిలి యాకర్షించినది గలిలియో పెద్దకూతురు. ఆమె 1600లో బుట్టినది. తలిదండ్రులకు శాస్త్రోక్తమగు వివాహము లేమిచే, ఆమెకు దగిన సంబంధము దొరకదని తండ్రి పదుమూడవ యేటనే యామెను సన్న్యాసినుల మఠమునకు బంపెను. అచట నామె మరియా చెలెస్తేయను పేరు గ్రహించెను. చెలెస్తే యనగా దివ్యమైనది, ఆకాశసంబంధమైనది. ఆకాశమును జూచు తండ్రికి దగిన పేరు! ఆమె తండ్రికి వ్రాసిన జాబులు 124 నేటికిని గలవు. అతడామెకు వ్రాసినవి దొరకలేదు. మఠమునుండియే యామె తండ్రి వస్త్రముల మెడపట్టీలను శుభ్రపఱచి పంపును, మాదీఫలములను పంచదారపాకమున బక్వముచేసి పంపును, అతని వ్రాతలకు శుద్ధప్రతులు వ్రాయును.

తండ్రికి విధించిన శిక్షలలో నొకటి, కీర్తనలలోని ప్రాయశ్చిత్తకీర్తనలేడింటిని మూడేండ్లపాటు వారమునకొకమాఱు చదువవలెననుట. ఆ పారాయణమును తండ్రికి మాఱుగ దానే చేయుదునని యా కూతురు పూనుకొనెను. ఏ చర్చి తన తండ్రిని దండించెనో, ఆ చర్చికి దన జీవితము నర్పించుకొన్న సన్న్యాసిని యామె. తండ్రిని విడువలేదు, ప్రార్థనను విడువలేదు. రెంటిలో నొకటి యేఱుకొనుమని లోకము నిర్బంధించినప్పుడు, ఆ కీర్తనలను దన నోటితో బలికి తండ్రి భారమును దగ్గించెను. 1634 ఏప్రిలులో ముప్పదిమూడేండ్ల వయస్సున నామె మరణించెను. గలిలియో 1642వఱకు జీవించెను. విశ్వాసమును, విచారణయు నొక యింటిలో నుండజాలవను వారికి, ఈ తండ్రికూతుల కథను జూపవలెనని మా యభిప్రాయము.

ఇదియంతయు మేము పొరుగింటి సోదరికి నాలుగైదు దినములు తీఱికవేళల జెప్పితిమి. ఆమె శ్రద్ధగా విని, "వదినగారూ, నేడు సూర్యుని మాట కన్నులకు దోచినట్లు చెప్పినదని విడిచినచో, రేపు దేనిని విడువవలసివచ్చునో? క్రీస్తు లేచుటను గూడ లక్షణయందురా?" అని యడిగెను. ఇది తేలిక ప్రశ్న కాదు. ఆమెకు దన ప్రాణమంతయు నందులోనే యున్నది. మాకు దోచినది మేము చెప్పితిమి. బాధ కలిగినచోటనే లక్షణ. భూమి తిరుగుట నేడును రేపును నెవరైన గొలిచి చూడదగినది. ఒకప్పుడొక్కమాఱు జరిగెనని సాక్షులు చెప్పిన సంగతి లోలకముతో గొలుచునది కాదు. దానిని నమ్మువారు నద్భుతమనియే నమ్ముచున్నారు గాని, నిత్యము జరుగుననుట లేదు. యెహోషువ దినమును గూడ నద్భుతముగ నమ్మువారు క్రైస్తవులలో గలరు. ఆ మాటలు పద్యరూపమున నుండుటయు, అవి యాషారు గ్రంథమున వ్రాయబడినవని యచటనే చెప్పబడి యుండుటయు జూచి, అవి విజయగానములోనివని చెప్పు పండితులును వారిలో గలరు. ఈ గీత యెచట గీయవలెనో ఆ మతమువారే నిర్ణయింపవలెను, మేము చెప్పదగదు. ఒక్కటి మాత్రము నిశ్చయము. అద్భుతమును నమ్ముట వేఱు, లెక్కలో ఋజువైనదని లేని ఋజువును జూపుట వేఱు. మొదటిది విశ్వాసము. రెండవది విశ్వాసము కాదు, శాస్త్రమును గాదు.

ఆమె యింటికి బోయి, ఆ సందేశము కల్పితమనియు, విచారింపక యిచ్చితిననియు కూతునితో జెప్పెనట. ఆ పిల్ల చాలసేపు మాటలాడక, తుదకు, "ఐతే సూర్యుని సంగతి యేమమ్మా?" అనెనట. "నాకు దెలియదు, చదువుదము" అని తల్లి యనెనట. ఇప్పుడు వారిరువురును నా యధ్యాయమును గూర్చుండి చదువుచున్నారు. పిల్ల యడుగుట మానలేదు.

ఇంతటితో మన మతస్థులమైన స్త్రీలు తాము వేఱని తలంపరాదు. 499 నాటి ఆర్యభటీయమున, నావలో బోవువానికి గట్టుమీది వృక్షములు వెనుకకు బోవునట్లు, తిరుగు భూమిపై నున్నవారికి నక్షత్రములు పడమటికి బోవునట్లు తోచునని చెప్పబడినది. గ్రహణము నీడవలన గలుగుననియు నందే యున్నది. 628లో బ్రహ్మగుప్తుడు నీడల లెక్క బాగుగ నెఱిగియు, రాహువును గాదనుట వేదస్మృతులకు విరుద్ధమని యాతనిని నిందించెను. ఇటలీలో జరిగిన వాదము మనదేశమున వేయియేండ్లు ముందే జరిగినది. నేడు మన ఫోనులకును సందేశములు వచ్చుచున్నవి. పురాణములలోని విమానములు నిజముగ నెగిరెననియు, వాని నిర్మాణము వైమానికశాస్త్రమను ప్రాచీనగ్రంథమున నున్నదనియు జెప్పుదురు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు జెందిన యైదుగురు విద్వాంసులు 1974లో దానిని బరిశీలించి, ఆ గ్రంథము ఇరువదవ శతాబ్దపు మొదటి దశలలో బుట్టినదే యనియు, అందలి యంత్రములెగురజాలవనియు దేల్చిరి. పుష్పకవిమానమునకు యంత్రములు బిగించినగాని రామాయణమునకు గౌరవము లేదా? సీతాదేవి దుఃఖమునకు నాసా వారి యంగీకారము కావలెనా?

శాస్త్రము తనంతట వచ్చి గ్రంథముతో నేకీభవించినట్లు కనబడినప్పుడు సయితము జాగ్రత్త వలయును. బెల్జియము దేశమున జార్జి లెమేత్ర్ అను క్రైస్తవపురోహితుడు గొప్ప గణితజ్ఞుడు. విశ్వము వ్యాపించుచున్నదని 1927లోను, అది యొక ఆదిపరమాణువునుండి యారంభమయ్యెనని 1931లోను జెప్పినవాడాతడే. 1951 నవంబరులో పోపు పన్నెండవ పయస్ తన యుపన్యాసమున, ఇట్టి శాస్త్రము సృష్టిని గూర్చిన గ్రంథవాక్యమునకు సాక్ష్యమిచ్చుచున్నదను భావమును వెల్లడించెను. లెమేత్ర్ సంతోషింపలేదు. తన సిద్ధాంతము మతవిషయములకు వెలుపలిదని యతని యభిప్రాయము. ఆలోచించిన నెంత వివేకము! నేటి లెక్కపై విశ్వాసమును నిలిపినచో, రేపు లెక్క మాఱినప్పుడు విశ్వాసమేమగును? లెక్క మాఱుట శాస్త్రమునకు లోపము కాదు, అది దాని స్వభావము.

కావున తల్లులమైన మనము చేయదగినదేమి? బిడ్డ ప్రశ్నించినపుడు పాపమని కసరరాదు. కసరినచో ప్రశ్న మానదు, మనయొద్దకు వచ్చుట మానును. గ్రంథమును రక్షింపవలెనను తొందరలో చేతికందిన దానినెల్ల యాధారముగ నీయరాదు. ఇది గ్రంథమునకు జేయు సేవ కాదు. వేయి యేండ్లు నిలిచిన గ్రంథములకు మన బొంకుల యూతకోలలక్కఱలేదు. శాస్త్రము పేరుతో వచ్చినదెల్ల శాస్త్రమనియు నమ్మరాదు. ఎవరు చూచిరి, ఎట్లు కొలిచిరి, మఱియొకరు కొలిచిన నంతే వచ్చెనా యని యడుగుట బిడ్డలకు నేర్పవలెను. ఇది కూరగాయలు కొనునప్పుడు మనము నిత్యము చేయు పనియే. త్రాసును జూడక బేరమాడు గృహిణి గలదా?

అన్నిటికంటె ముఖ్యము, తెలియనిది తెలియదని చెప్పుట. అందువలన తల్లికి జులకన గలుగునని కొందఱు వెఱతురు. మాకట్లు తోచదు. తెలియనిదానిని దెలియదని చెప్పు తల్లి, తెలిసినదని చెప్పినప్పుడు బిడ్డ నమ్మును. "చూచి చెప్పెదను" అనుడు, సోదరీమణులారా. అని యూరకుండక, చూచియే చెప్పుడు.